ఏడో బాతుపిల్ల

సోమవారం

ఈ రోజు నన్ను పదో తరగతి నుంచి నర్సరీకి దించారు. దించారు అన్నదే సరైన మాట. పదో తరగతి రెండో అంతస్తులో ఉంటుంది, నర్సరీ నేల మీద.

"కొన్నాళ్ళేనండీ," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "నర్సరీ టీచర్ పురిటికి వెళ్ళింది. పదిలో రెండు సెక్షన్లు ఒకటైపోయాయి. ఆ ఒక్క సెక్షన్ లెక్కలూ మీ శిష్యుడు చూసుకుంటాడు."

నా శిష్యుడంటే, సైనుకీ కొసైనుకీ తేడా తెలియక నా చేత చెవి మెలిపెట్టించుకున్నవాడు. చదువుకుని మా బడికే టీచరుగా వచ్చాడు. ఇప్పుడు వాడు పైన, నేను కింద.

పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. ఒక్కడూ ఉన్నచోట ఉండడు కాబట్టి లెక్క తేలలేదు. కుర్చీలు నా మోకాలి ఎత్తు కూడా లేవు. ఒకదానిలో కూర్చున్నాను. లేచేటప్పుడు అది కూడా నాతోపాటు లేచింది. ఆయమ్మ వచ్చి మా ఇద్దరినీ విడదీసింది.

పాఠ్యపుస్తకం ఏదని అడిగితే ఓ బొమ్మల పుస్తకం చేతిలో పెట్టారు. మాటలన్నీ కలిపితే పోస్టుకార్డు నిండదు. ఓ తల్లి బాతు పిల్లల్ని వెంటబెట్టుకుని చెరువుకి బయల్దేరుతుంది. తోట దాటుతుంది, గేటు దాటుతుంది, చెరువు చేరుతుంది. అయిపోయింది. ఇది కథట.

"బొమ్మ చూపించండి. ఏం కనిపిస్తోందో అడగండి. తర్వాత ఆగండి. జవాబు మీరు చెప్పేయకండి," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"ఎంతసేపు ఆగాలండీ?"

"వాళ్ళు చెప్పేదాకా."

ఇన్నేళ్ళ సర్వీసులో జవాబు కోసం ఆగిన పాపాన పోలేదు నేను. ఆగుతూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?

గోల భరించలేక చివరి పీరియడులో పుస్తకం వాళ్ళకే ఇచ్చేశాను. ఓ పిల్ల దాన్ని లాక్కుని మూలకి పోయి, వెనక అట్ట తెరిచి, దానికి ముక్కు ఆనించి గంట కొట్టేదాకా అలాగే కూర్చుంది. పుస్తకాన్ని వెనక నుంచి మొదలుపెట్టే రకం. ఈ పిల్ల పదో తరగతికి వచ్చేసరికి ఏమవుతుందో తలుచుకుంటే భయమేసింది.

కొత్త క్లాసు ఎలా ఉందని మా ఆవిడ అడిగింది. తాత్కాలికం అన్నాను.

మంగళవారం

ఒక్కరోజులో పుస్తకం మూడుచోట్ల జిడ్డు పట్టింది. ఇంటికి తెచ్చి అట్ట వేశాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, పుస్తకానికి అట్ట వేయడంలో నన్ను మించినవాడు ఈ బడిలో లేడు. మందం బ్రౌన్ పేపరు, మూలలు ఏటవాలుగా కత్తిరించి లోపలికి మడత. అట్టల లోపలి వైపు గడ్డీ గాదం, ఓ పాత బూటూ, ఇంకా ఏవో గీసి ఉన్నాయి. ఉత్త అలంకారం. పాఠం మొదటి పేజీలో మొదలై చివరి పేజీలో అయిపోతుందని ఎవరైనా చెప్తారు. అందుకని రెండువైపులా నిండుగా కాగితం పరిచి, జిగురు రాసి, పైన బరువు పెట్టాను. మీద చీటీ అంటించి "బాతులు – నర్సరీ" అని గుండ్రంగా రాశాను.

"పిల్లల పుస్తకానికి ఇనప్పెట్టె చేయించారే," అంది మా ఆవిడ.

కష్టం విలువ తెలియని మనిషి.

బుధవారం

పుస్తకం అట్ట పిల్లలకి చూపించి, "ఇంత చక్కగా ఎవరు వేశారు?" అని అడిగాను. "సారు!" అని అరిచారు. అంతవరకూ రోజు బాగానే గడిచింది.

తర్వాత నా విద్య బయటపెట్టే అవకాశం కూడా దొరికింది. మొదటి పేజీలో తల్లి వెనక ఏడు పిల్లలున్నాయి. గేటు దగ్గర ఆరే ఉన్నాయి. చెరువులోనూ ఆరే. అచ్చులో తప్పు! ఎంతమంది టీచర్లు ఈ పుస్తకం చెప్పి ఉంటారు, ఒక్కరైనా లెక్కపెట్టారా? లెక్కల మాస్టారు వచ్చాక గానీ తేలలేదు.

పిల్లల చేత లెక్కపెట్టించాను. ఒకడికి నాలుగు వచ్చాయి, ఒకడికి వంద వచ్చాయి. చివరికి అందరినీ ఆరు దగ్గరికి తోలుకొచ్చాను.

"మరి ఏడోది ఏదీ?" అని విజయగర్వంతో అడిగి, చెప్పినట్టే ఆగాను. జీవితంలో మొదటిసారి ఆగాను.

ముందు వరుసలో ఒకడి కింది పెదవి ముందుకొచ్చింది. వాణ్ణి చూసి పక్కవాడి పెదవి వచ్చింది. నిమిషంలో గది గదంతా బావురుమంది. ఆయమ్మ పరుగెత్తుకొచ్చి ఎవరు పడ్డారని అడిగింది.

"ఏం కాలేదమ్మా, అది ప్రింటింగ్ మిస్టేక్," అని ఓదార్చాను. పెట్రోలు పోసినట్టయింది.

"ప్రింటింగ్ మిస్టేక్ ఎత్తుకెళ్ళిపోయిందా?" అన్నాడొకడు.

"దానికి పళ్ళుంటాయా సార్?" అన్నాడు ఇంకొకడు.

ఇంత గొడవలో మొన్నటి మూలపిల్ల వచ్చి నా అట్టని గోళ్ళతో గోకడం మొదలుపెట్టింది. పుస్తకాలు చింపకూడదని చెప్పి చెయ్యి తీసి పక్కన పెట్టాను. మళ్ళీ గోకింది. మళ్ళీ తీశాను. దానికి గోకుడమ్మ అని పేరు పెట్టాను, నాలో నేనే.

గురువారం

గేటు దగ్గర తల్లిదండ్రులు నన్ను చుట్టుముట్టారు.

"మావాడు రాత్రి భోజనం ముట్టలేదండీ. బాతుపిల్ల దొరికాకే తింటాడట."

"మా అమ్మాయి మంచం కింద ప్రింటింగ్ మిస్టేక్ ఉందంటోంది. లైటు ఆర్పనివ్వట్లేదు. అసలు మీరు ఏం పాఠం చెప్తున్నారు?"

పదో తరగతిలో నేను చెప్పిన పాఠం గురించి ఏ ఇంట్లోనూ ఎవరూ భోజనం మానలేదు. ఆ మాట పైకి అనలేదు.

శుక్రవారం

పెన్నుతో ఏడోదాన్ని గేటు పక్కన గీశాను. మూడు కాళ్ళు వచ్చాయి. అంతా పట్టేశారు.

ఆదివారం

"ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్ళిందని చెప్పేయరాదూ," అంది మా ఆవిడ. అప్పుడప్పుడు పనికొచ్చే సలహా ఇస్తుంది.

నేను బాతు గురించి ఆలోచించడం లేదు. సమస్య పరిష్కారం గురించి ఆలోచిస్తున్నాను. తల్లి బాతు గొంతు ఎలా ఉండాలో స్నానాల గదిలో కాస్త చూసుకున్నాను, అంతే. పక్కింటివాళ్ళు ఒంట్లో బాగుందా అని అడిగారట.

సోమవారం

"ఏడో పిల్ల మేనత్త ఇంటికి వెళ్ళింది," అని ప్రకటించాను.

"ఎవరితో వెళ్ళింది?"

"ఒక్కతే వెళ్ళింది."

"చిన్నపిల్లలు ఒక్కళ్ళే వెళ్ళకూడదు కదా సార్!" అని ఇరవై గొంతులు నా మీద పడ్డాయి. ఒకడు వాళ్ళ నాన్న ఫోను తెస్తానన్నాడు, మేనత్త నంబరు చెప్పమన్నాడు. నంబరు లేదన్నాను. "మరి వెళ్ళిందని మీకెలా తెలుసు?" అన్నాడు. ఈ వయసు పిల్లలకి నిరూపణ అడగడం ఎవరు నేర్పారో తెలియదు. పదో తరగతిలో బతిమాలినా ఎవడూ అడగడు.

గోకుడమ్మ యథాప్రకారం గోకింది.

మంగళవారం

ఈ రోజు జరిగినదానికి బాధ్యుణ్ణి నేను కాదు.

గోకుడమ్మ ఎప్పుడూ నోరు విప్పదు. ఈ రోజు విప్పింది. "బూటులో ఉంది," అంది. అంతే, అంతా లేచి వరండాలోకి ఉరికారు. గుమ్మం దగ్గర విప్పిన బూట్లన్నీ తిరగేసి, దులిపి, లోపల చేతులు పెట్టి వెతికారు. పక్క తరగతివి కూడా వదల్లేదు. బాతు దొరకలేదు గానీ ఒక సాక్సు, రెండు బిస్కెట్లు దొరికాయి. ఇంటికెళ్ళే వేళకి ఎవరి బూటు ఎవరిదో బ్రహ్మకి కూడా తెలియదు. ఒక తండ్రి మా వాడికి రెండూ ఎడమకాలివే ఇచ్చారని తిరిగొచ్చాడు.

గోకుడమ్మ మాత్రం వరండాలోకి రాలేదు. పుస్తకం దగ్గరే నిలబడి ఉంది. మళ్ళీ గోకబోతే పుస్తకాన్ని బీరువా పైన పెట్టేశాను.

"బూటని ఎందుకందో పిల్ల," అని మా ఆవిడతో అన్నాను.

"ఏ బూటండీ?"

"ఏ బూటైతేనేం? పిల్లల మాటలకి అర్థాలుంటాయా?" అన్నాను.

బుధవారం

ప్రింటింగ్ మిస్టేక్ ఎలా ఉంటుందో గీయమన్నాను, ఓ అరగంట నన్ను వదిలేస్తారని. కొమ్ములతో ఒకటి, చక్రాలతో ఒకటి, కళ్ళజోడుతో ఒకటి వచ్చాయి. కళ్ళజోడుది నాలాగే ఉంది. ఏదో యాదృచ్ఛికం. ఆయమ్మ వాటిని తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీసింది.

హెడ్మిస్ట్రెస్ గారు చూసి ముచ్చటపడ్డారు. కానీ గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"శనివారం తల్లిదండ్రుల ముందు మీరీ పుస్తకం చెప్పాలి. సవ్యంగా జరిగితే వచ్చే వారం మీరు పైకి వెళ్ళొచ్చు, పదో తరగతి మీదే. ఇక్కడికి వేరే మనిషిని చూస్తాను, మీ శిష్యుడు తొమ్మిదికి వెళ్తాడు. కానీ బాతు మీద, బూట్ల మీద ఇప్పటికే బోలెడు ఫిర్యాదులున్నాయి. అందరి ముందూ మళ్ళీ పిల్లలు ఏడ్చారంటే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు. శనివారంలోగా ఆ బాతుని తేల్చేయండి."

పదో తరగతి! నల్లబల్ల, సుద్దముక్క, నేను నోరు తెరిస్తే కిక్కురుమనని యాభై తలకాయలు! అవన్నీ ఇప్పుడు ఓ బాతుపిల్ల చేతిలో ఉన్నాయి.

గురువారం

స్టాఫ్ రూములో శిష్యుడు లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. మర్యాదలో లోటు లేదు వెధవకి.

"బాతు దొరికిందా సార్?" అన్నాడు.

"దొరుకుతుంది."

"మా పదో తరగతి పిల్లలు కూడా అడుగుతున్నారు సార్. పందేలు వేసుకున్నారు."

టీ తాగకుండానే వచ్చేశాను.

శుక్రవారం

మా ఆవిడ పాత పసుప్పచ్చ దిండు గలీబుతో బాతుపిల్లని కుట్టింది. లోపల దూది, కళ్ళకి నా నీలం చొక్కా గుండీలు. చాలా బాగా వచ్చింది. శనివారం చివర్లో సంచిలోంచి తీసి ఇదిగో అంటాను. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను పైకి వెళ్తాను.

భోజనాల బల్ల మీద దాన్ని నీళ్ళగ్లాసు పక్కన కూర్చోబెట్టి కథ మొత్తం ఒకసారి చెప్పాను.

"నాకు మన పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని మాటలు చెప్పలేదు మీరు," అంది మా ఆవిడ.

శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తల్లిదండ్రులంతా చిన్న కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. నేను నేల మీద కూర్చున్నాను, ఈ మధ్య అదే సుఖంగా ఉంది. పేజీలు తిప్పుతుంటే పిల్లలే కథ చెప్పారు. తోటలో ఏముందో, తల్లి బాతు ఏమంటోందో, వెనకది ఎందుకు నవ్వుతోందో. నేను మధ్యమధ్యలో బాతు గొంతు మాత్రం పెట్టాను. హెడ్మిస్ట్రెస్ గారు తల ఊపుతున్నారు. గుమ్మంలో శిష్యుడు నిలబడి ఉన్నాడు, ఖాళీ పీరియడు కాబోలు.

గేటు పేజీ వచ్చింది. పెదవులు ముందుకి రావడం మొదలైంది.

"మరి ఏడోది ఏదీ?" అని అడిగి, సంచిలో చెయ్యిపెట్టి, "ఇదిగో!" అన్నాను.

చప్పట్లు లేవు.

"ఇది మా బాతు కాదు," అన్నాడు ముందు వరుసవాడు.

"దాని కళ్ళు సారు నీలం చొక్కావి," అంది ఒక పిల్ల.

తల్లిదండ్రులు నవ్వు ఆపుకుంటున్నారు. పిల్లలు ఏడుపు ఆపుకుంటున్నారు. పదో తరగతి మెట్లు నా కళ్ళ ముందే ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. అప్పుడు గోకుడమ్మ లేచి వచ్చింది.

"బూటులో ఉంది," అంది.

కుర్చీల్లో ఉన్న తండ్రులంతా చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

ఆ పిల్ల ఎవరి బూట్లవైపూ చూడలేదు. నా చేతిలోని పుస్తకం వెనక అట్ట మీద గోరు పెట్టింది. అలవాటుగా చెయ్యి తీసేయబోయి, ఆ మూల చూశాను. కాగితం తెల్లబడి, పోగులు లేచి ఉంది. రోజూ ఒకే చోట గోకింది. బల్ల మీద ఇంకా ఎన్నో పుస్తకాలున్నాయి, వాటిమీద గీత కూడా లేదు. చింపే బుద్ధి ఉన్న పిల్లయితే అన్నీ చింపాలి కదా? ఇంత చిన్న లెక్క ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు.

ఆగాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆగాను. పుస్తకం ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను.

నా జిగురు సామాన్యమైనది కాదు. దాని చిట్టి గోళ్ళకి ఊడిరాలేదు. ఆయమ్మ తడిగుడ్డ తెచ్చి అద్దింది. పిల్లలంతా పుస్తకం మీదికి వంగారు. కాగితం కొంచెం కొంచెంగా లేచింది. ముందు గడ్డి కనిపించింది. తర్వాత పాత బూటు కనిపించింది. బూటు లోపల, మడమ దగ్గర ముడుచుకుని, పచ్చగా, హాయిగా నిద్రపోతోంది ఏడోది. అవతల గేటులోంచి తల్లి బాతు మెడ చాచి పరుగెత్తుకొస్తోంది, వెనక ఆరూ ఉన్నాయి.

"దొరికింది!" అని పిల్లలు వేసిన కేకకి రెండో అంతస్తులో కిటికీలు తెరుచుకున్నాయి. ముందు అట్ట కూడా ఊడదీశాం. అక్కడ బాతులు ఇంకా బయల్దేరనే లేదు, ఏడోది ఒక్కటే బూటులోకి తొంగిచూస్తోంది. కథ మొదటి పేజీకి ముందే మొదలైంది, చివరి పేజీ తర్వాత అయిపోయింది. ఆ రెండూ నేనే స్వయంగా జిగురు పెట్టి మూసేశాను.

అంతా గంతులేస్తుంటే మేనత్త నంబరు అడిగినవాడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దాన్ని కాగితం కింద ఎవరు పెట్టారు?"

"నేను కాదు బాబూ," అంది ఆయమ్మ, నావైపు చూస్తూ.

"అట్ట వేసింది సారు!"

"అయితే ప్రింటింగ్ మిస్టేక్ సారే!"

ఇరవై వేళ్ళు నా మీదికి లేచాయి. గోకుడమ్మ మాత్రం బూటులోని బాతుని వేలితో నిమురుతూ, తల ఎత్తకుండా నా తరఫున మాట్లాడింది.

"సారుకి తెలీదు. సారు లోపల చూడలేదు."

అందరూ నన్ను అక్కడికక్కడే క్షమించేశారు. నాకు సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువ సంతోషం వేసింది, ఎందుకో నాకే తెలియలేదు. కళ్ళు తడిశాయి. తడిగుడ్డ నీళ్ళు చింది ఉంటాయి.

"ఎంత బాగా ప్లాన్ చేశారండీ! చివరిదాకా మాక్కూడా తెలియనివ్వలేదు," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు, తల్లిదండ్రుల చప్పట్ల మధ్య.

"ప్లాన్ కాదండీ. నేనే కప్పేశాను. నిజంగానే."

"మీ వినయం," అని నవ్వేశారు.

ఆదివారం

జరిగిందంతా మా ఆవిడకి చెప్పాను.

"ఆ పిల్ల మొదటినుంచీ చెప్తూనే ఉంది. మీరు వింటేగా," అంది.

తన అనుభవం కూడా అదేనన్నట్టు ఉంది ఆ గొంతు. ఇదివరకైతే పేపరు తెరిచేవాణ్ణి. ఈ రోజు ఆగి చూశాను, ఇంకేమైనా చెప్తుందేమోనని.

చాలా చెప్పింది. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది.

సోమవారం

హెడ్మిస్ట్రెస్ గారు మాట నిలబెట్టుకున్నారు. రేపటినుంచి పదో తరగతి నాదేనన్నారు. నేను ఎదురుచూసింది దీనికోసమే. చాలా సంతోషంగా ఉంది.

అయితే ఒక చిక్కుంది. పొద్దున కొత్త పుస్తకం తెరిచాం, మొసలిది. మధ్యలో వదిలేసి పోవడం పద్ధతి కాదు. కొత్తగా వచ్చే మనిషికి మొసలి గొంతు ఎలా పెట్టాలో తెలియదు. పైగా ఎవరైనా తెలిసీ తెలియక అట్ట వేసేస్తే?

"ఈ మొసలి ఒక్కటీ పూర్తిచేసి పైకి వెళ్తానండీ," అన్నాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చిన్న పుస్తకమేనండీ," అన్నాను.

చాలా రోజుల తర్వాత, ఒక శుక్రవారం

మొసలి పుస్తకంలో మొదటి పేజీకి ఇంకా రాలేదు. అట్ట లోపలి వైపే చూడవలసింది చాలా ఉంది. ఈ రోజు గోకుడమ్మ రెల్లుపొదలో ఒక తోక కనిపెట్టింది. ఎవరిదని అడిగి ఆగాం. ఇంకా ఆగుతూనే ఉన్నాం.

ఎప్పుడొస్తున్నారని శిష్యుడు పైనుంచి కబురు పెట్టాడు. ఇక్కడ సిలబస్ చాలా మిగిలి ఉంది, తొందరపెట్టొద్దని చెప్పి పంపాను.